ఈతకొలను మోటారుతో జాగ్రత్త... ఎర్తింగ్ లేకుంటే నీరే మృత్యుపాశం

* ఎంసీబీ ఒక్కటే ప్రాణాలు కాపాడదు
* 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి
* నీటి అంచు నుంచి మూడున్నర మీటర్ల వరకు ప్రత్యేక నియమాలు

ఒకప్పుడు ఈతకొలను అంటే నగరాల్లోని క్రీడా ప్రాంగణాలకో, పెద్ద హోటళ్లకో పరిమితమైన సౌకర్యం. నేడు హైదరాబాద్ శివారు ఫాంహౌస్‌లు మొదలుకొని విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి నగరాల్లోని అపార్టుమెంట్లు, ప్రైవేటు పాఠశాలలు, విడిది గృహాల వరకు అవి విస్తరించాయి. కొలను నిర్మాణానికి, రంగుల పలకలకు లక్షల రూపాయలు వెచ్చిస్తున్న యజమానులు, నీటిని శుద్ధిచేసే పంపు మోటారుకు విద్యుత్ తీగలు ఎవరు వేస్తున్నారు, ఎలా వేస్తున్నారు అన్న విషయాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోవడం లేదు. పొలంలో బోరు మోటారు బిగించిన అనుభవంతోనే కొలను మోటారునూ బిగించి వెళ్లిపోతున్న సందర్భాలు అనేకం.

దీని పర్యవసానం ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పేందుకు దూరం వెళ్లనవసరం లేదు. 2024 జులైలో హైదరాబాద్ శివారు జల్‌పల్లిలోని ఒక ఫాంహౌస్‌లో ఈతకొలనులో దిగిన వారిలో 16 మంది విద్యుదాఘాతానికి గురై గాయపడ్డారు. అంతకుముందు 2017 జూన్‌లో తుర్కియే దేశంలోని అక్యాజి పట్టణంలో ఒక జలవినోద కేంద్రంలో విద్యుత్ ప్రవహించిన కొలనులో పడి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. తొలుత చిక్కుకున్న పిల్లలను రక్షించేందుకు నీటిలోకి దూకిన నిర్వాహకుడు, ఆయన కుమారుడు సైతం మృతుల్లో ఉన్నారు. ఈతకొలనులో విద్యుత్ ప్రమాదం ఒక్కరితో ఆగదని, రక్షించబోయిన వారినీ కబళిస్తుందని ఆ దుర్ఘటన హెచ్చరించింది.

నీటిలో ఉన్నవారికే ముప్పు ఎందుకు ఎక్కువ?

పొడి నేలపై చెప్పులతో నిలబడిన వ్యక్తికి, నీటిలో మునిగి ఉన్న వ్యక్తికి విద్యుత్ విషయంలో ఎంతో వ్యత్యాసం ఉంది. పొడి చర్మం విద్యుత్ ప్రవాహాన్ని కొంతమేర నిరోధిస్తుంది. చర్మం తడిసినప్పుడు ఆ నిరోధం బాగా పడిపోయి, శరీరం మొత్తం నిరోధం వెయ్యి ఓమ్‌ల స్థాయికి, ఒక్కోసారి అంతకంటే దిగువకు చేరుతుంది. ఆ స్థితిలో 230 వోల్టుల విద్యుత్ తగిలితే శరీరం గుండా సుమారు 230 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం సాగుతుంది.

ఈ అంకె ఎంతటిదో తెలియాలంటే మానవ శరీరం తట్టుకోగల హద్దులు తెలియాలి. ఒక మిల్లీ ఆంపియరు వద్ద జివ్వుమనిపిస్తుంది. సుమారు పది మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వస్తువును వదిలిపెట్టే శక్తి నశిస్తుంది. ముప్పై మిల్లీ ఆంపియర్లు దాటి ప్రవాహం కొనసాగేకొద్దీ గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతూ వస్తుంది.

నేలపై ఉన్నవారు పది మిల్లీ ఆంపియర్ల ఆఘాతానికి ఎగిరిపడి బతికి బయటపడే అవకాశం ఉంది. నీటిలో ఉన్నవారికి ఆ అవకాశం లేదు. చేతులు, కాళ్లు బిగుసుకుపోతే ఈదలేరు, అరవలేరు, మెట్ల వరకు రాలేరు. గుండె ఆగకుండానే నీట మునిగి మరణిస్తారు. ఒంటిపై కాలిన గుర్తులు కూడా ఉండవు గనుక, ఈత రాక మునిగిపోయారని భావించే ప్రమాదమూ ఉంది.

మంచినీటి కంటే ఉప్పు శాతం ఎక్కువగా ఉన్న మానవ శరీరమే విద్యుత్‌కు సులువైన దారి. కొలను నీటిలో ఒక వైపు వోల్టేజి ఎక్కువగా, మరో వైపు తక్కువగా ఉన్నప్పుడు మధ్యలో ఉన్న మనిషి ఏ తీగనూ తాకకపోయినా ప్రవాహం అతని గుండా మళ్లుతుంది. కొలను మధ్యలో ఈదుతున్న వారికి ఏమీ తెలియకపోయినా, స్టీలు నిచ్చెనను పట్టుకున్న క్షణంలో ఆఘాతం తగలడానికి కారణం ఇదే.

మోటారు నుంచి నీటిలోకి విద్యుత్ ఎలా చేరుతుంది?

కొలనులోని నీటిని పంపు లాగి, ఇసుక వడపోత యంత్రం గుండా పంపి, తిరిగి కొలనులోకి వదులుతుంది. రోజుకు గంటల తరబడి నడిచే ఈ పంపులో నీరున్న భాగానికి, వైండింగ్ ఉన్న మోటారు భాగానికి మధ్య ఇరుసు చుట్టూ ఒక సీలు ఉంటుంది. కాలక్రమంలో అది అరిగిపోయి నీరు చుక్కలుగా కారడం మొదలవుతుంది. ఆ తేమ బేరింగ్‌ను దాటి వైండింగ్‌ను చేరితే పైపూత దెబ్బతిని మోటారు ఇనుప శరీరానికి, ఇరుసుకు విద్యుత్ సోకుతుంది. ఇరుసు నీటిని తాకి ఉంటుంది గనుక అక్కడి నుంచి గొట్టంలోని నీటికి దారి దొరుకుతుంది. గొట్టం ప్లాస్టిక్‌దే కావచ్చు, దానిలోని నీరు మాత్రం విద్యుత్ వాహకమే.

టెర్మినల్ పెట్టె మూత సరిగా బిగించకపోవడం, తీగ ప్రవేశించే చోట గ్లాండ్ అమర్చకపోవడం, నేలపై పరచిన తీగ జాయింటుకు టేపు మాత్రమే చుట్టి వదిలేయడం మరికొన్ని కారణాలు. కొలను శుద్ధికి వాడే క్లోరిన్ ఆవిరి రాగి టెర్మినళ్లను, స్క్రూలను తినేస్తుంది. మామూలు నీటి మోటారు పదేళ్లు నిలిచే చోట కొలను మోటారు కనెక్షన్లు అంతకాలం చెక్కుచెదరకుండా ఉంటాయని భావించరాదు. నీటి అడుగున అమర్చే దీపాలు మరో ముఖ్య కారణం. వీటికి నేరుగా 230 వోల్టులు ఇవ్వడం ప్రాణాలతో చెలగాటమే.

ఎంసీబీ ఉంది కదా అనుకుంటే పొరపాటే

మోటారుకు ఎంసీబీ పెట్టాం, ఎర్త్ గుంత కూడా తీశాం, ఇక భయమేమిటని పలువురు యజమానులు ప్రశ్నిస్తుంటారు. ఒక చిన్న లెక్కతో ఈ ధీమా ఎంత బలహీనమైనదో తెలుస్తుంది.

సాధారణంగా స్తంభం నుంచి మన ప్రాంగణానికి వచ్చేవి ఫేజ్, న్యూట్రల్ తీగలే. ఎర్త్‌ను వినియోగదారుడే గుంత తవ్వి ఏర్పాటు చేసుకోవాలి. ఆ గుంత నిరోధం 10 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ వద్ద ఎర్త్ నిరోధం ఒక ఓమ్ అనుకుందాం. మోటారు శరీరానికి ఫేజ్ తగిలితే మొత్తం 11 ఓమ్‌ల గుండా 230 వోల్టులు పనిచేసి సుమారు 21 ఆంపియర్లు భూమిలోకి ప్రవహిస్తాయి. మోటారుకు ఉన్నది 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ అయితే, అది తక్షణం తెగడానికి 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 21 ఆంపియర్ల వద్ద అది గంటసేపైనా తెగకపోవచ్చు. ఆ సమయమంతా మోటారు శరీరంపై 200 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. పంపు యథావిధిగా నడుస్తుంది, దీపాలు వెలుగుతాయి, ఎవరికీ అనుమానం రాదు.

ఎంసీబీ పని తీగలు కాలిపోకుండా కాపాడటం. మనిషి ప్రాణం తీయడానికి చాలిన 50, 100 మిల్లీ ఆంపియర్ల లీకేజీ దాని లెక్కలోకే రాదు.

ప్రాణరక్షణకు ఆర్‌సీసీబీ

ఫేజ్ తీగలో వెళ్లిన విద్యుత్, న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిన విద్యుత్ సమానంగా ఉన్నాయా లేదా అని నిరంతరం సరిచూసే సాధనం ఆర్‌సీసీబీ. రెంటి మధ్య తేడా వచ్చిందంటే ఎక్కడో విద్యుత్ దారి తప్పి, భూమిలోకో మనిషి గుండానో పోతున్నదని అర్థం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఆ స్థాయి తేడా వద్ద గరిష్ఠంగా 300 మిల్లీ సెకన్లలో, లీకేజీ ఐదు రెట్లు ఉంటే 40 మిల్లీ సెకన్లలో సరఫరాను తెంచివేయాలి.

పై లెక్కలోని మోటారుకు ఆర్‌సీసీబీ ఉంటే 21 ఆంపియర్ల లీకేజీ మొదలైన మరుక్షణమే అది తెగిపోయేది. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోయి నిరోధం 100 ఓమ్‌లకు పెరిగినా లీకేజీ రెండు ఆంపియర్లకు పైగానే ఉంటుంది గనుక అప్పుడూ పనిచేస్తుంది. ఇది ఎర్తింగ్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఎర్త్ ఉంటే లోపం తలెత్తిన వెంటనే ఆర్‌సీసీబీ తెగుతుంది. ఎర్త్ లేకుంటే ఎవరో ఒకరు తాకి, వారి శరీరం గుండా ప్రవాహం సాగిన తరువాతే తెగుతుంది. అందువల్ల రెండూ ఉండి తీరాలి.

కొనుగోలు సమయంలో ఈ అంశాలు గమనించాలి:

* పెట్టెపై 30 మిల్లీ ఆంపియర్లు అని ముద్రించి ఉండాలి. 100, 300 మిల్లీ ఆంపియర్ల పరికరాలు అగ్ని ప్రమాదాల నివారణకు ఉపకరిస్తాయే తప్ప కొలనులో మనిషిని కాపాడలేవు.
* ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 12640 ప్రమాణం సంఖ్య చూసి తీసుకోవాలి.
* ఆర్‌సీసీబీ అధిక లోడు నుంచి రక్షణ ఇవ్వదు. దానితోపాటు ఎంసీబీ కూడా ఉండాలి, లేదా రెండు పనులూ చేసే ఆర్‌సీబీఓ అమర్చాలి.
* పంపు మోటారుకు, దీపాలకు వేర్వేరు ఆర్‌సీసీబీలు ఉంటే లోపం ఎక్కడుందో సులువుగా తెలుస్తుంది.
* వేగం మార్చుకునే డ్రైవ్ ఉన్న కొత్త తరహా పంపులకు సాధారణ ఏసీ రకం పరికరం సరిపోకపోవచ్చు. తయారీదారు సూచించిన రకాన్నే వాడాలి.

మాటిమాటికీ తెగుతోందని తొలగిస్తే...

ప్రమాదాలకు అసలు మూలం చాలా చోట్ల ఇక్కడే ఉంటోంది. ఆర్‌సీసీబీ పదేపదే తెగుతోందని కాపలాదారు ఫిర్యాదు చేస్తాడు. వచ్చిన ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి తీగలను నేరుగా కలిపి వెళతాడు. పంపు నడుస్తుంది, అందరూ సంతృప్తి చెందుతారు. నిజానికి ఆ పరికరం చెబుతున్నది మోటారులోనో, తీగలోనో లీకేజీ ఉందని. హెచ్చరించే గంటను మూగబోయేలా చేసినంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు.

ఆర్‌సీసీబీ తెగడానికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. టెర్మినల్ పెట్టెలోకి తేమ చేరడం మొదటిది. మోటారు వైండింగ్ పూత దెబ్బతినడం రెండవది. ఆర్‌సీసీబీ తరువాత న్యూట్రల్ తీగ ఎర్త్‌తో గానీ, మరో సర్క్యూట్ న్యూట్రల్‌తో గానీ కలిసిపోవడం మూడవది. మోటారు తీగలను విడదీసి 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్షిస్తే అసలు సంగతి బయటపడుతుంది. తీగలకు, భూమికి మధ్య నిరోధం కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి. అంతకంటే తగ్గితే మోటారును బాగుచేయించే వరకు నడపరాదు.

న్యూట్రల్‌ను ఎర్త్‌గా వాడటం ఘోర తప్పిదం

మూడు తీగలు వేయవలసిన చోట రెండే వేసి, మూడు పిన్నుల సాకెట్‌లో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌తో కలపడం పలుచోట్ల కనిపించే పద్ధతి. తీగ ఖర్చు మిగులుతుంది, మోటారు నడుస్తుంది. ఎక్కడైనా న్యూట్రల్ తీగ తెగినా, జాయింటు వదులైనా మోటారు వైండింగ్ గుండా ఫేజ్ విద్యుత్ నేరుగా మోటారు శరీరానికి వచ్చి చేరుతుంది. మోటారులో ఏ లోపమూ లేకపోయినా దాని శరీరం ప్రాణాంతకంగా మారుతుంది. ఆకుపచ్చ తీగ ఎర్త్ గుంతకే చేరాలి, మధ్యలో దేనితోనూ కలవరాదు.

ఎర్త్ గుంత విషయంలో ఐఎస్ 3043 ప్రమాణం మార్గదర్శకం. గుంత చుట్టూ నేల తేమగా ఉండేలా చూడాలి. ఎండాకాలంలో నీరు పోస్తుండాలి. గుంత మూత తెరిచి క్లాంపు తుప్పు పట్టిందేమో ఏటా పరిశీలించాలి. పెద్ద కొలనులకు వాడే మూడు ఫేజ్‌ల, 415 వోల్టుల మోటార్లకు వేర్వేరుగా రెండు ఎర్త్ కనెక్షన్లు ఉండాలన్నది భద్రత నిబంధన. ఒకటి తెగినా రెండవది కాపాడుతుందన్నది దీని ఉద్దేశం.

లోహాలన్నింటినీ కలిపే బాండింగ్

ఎర్తింగ్ గురించి కొంత అవగాహన ఉన్నప్పటికీ, బాండింగ్ గురించి తెలిసినవారు అరుదు. ఈతకొలను భద్రతలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. కొలను గోడల్లోని ఇనుప చువ్వలు, స్టీలు నిచ్చెనలు, పట్టుకునే కడ్డీలు, లోహపు గొట్టాలు, పంపు మోటారు శరీరం, దీపాల చట్రాలు అన్నింటినీ రాగి తీగతో ఒకదానితో మరొకటి అనుసంధానించి ఎర్త్‌కు కలపడమే బాండింగ్.

రెండు లోహాల మధ్య వోల్టేజి తేడా ఉంటేనే వాటిని తాకిన మనిషి గుండా విద్యుత్ ప్రవహిస్తుంది. అన్నీ ఒకే వోల్టేజిలో ఉంటే ప్రవాహానికి తావుండదు. హైటెన్షన్ తీగపై వాలిన పిట్టకు ఏమీ కాకపోవడం వెనుక ఉన్న సూత్రమూ ఇదే. పక్క ఇంటి లోపం వల్లనో, వీధి లైనులో న్యూట్రల్ తెగడం వల్లనో ఎర్త్ తీగ ద్వారా వోల్టేజి లోనికి వచ్చినా, బాండింగ్ ఉన్న కొలనులో నిచ్చెనకు, నీటికి మధ్య ప్రమాదకరమైన తేడా ఏర్పడదు.

బాండింగ్ తీగకు అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, పైన రక్షణ గొట్టం లేని చోట, కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి ఉండాలి. అమెరికాలో ఇంతకు రెట్టింపు మందం, అంటే 8 చదరపు మిల్లీమీటర్లకు పైబడిన గట్టి రాగి తీగను తప్పనిసరి చేశారు. కాంక్రీటు పోయక ముందే ఇనుప చువ్వల నుంచి తీగను బయటకు తీసి ఉంచుకోవాలి. పలకలు అతికించిన తరువాత ఈ పని చేయడం దాదాపు అసాధ్యం. అందుకే కొలను నిర్మించే మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కు మొదటి రోజు నుంచే సమన్వయం ఉండాలి.

నీటి నుంచి ఎంత దూరం?

అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 60364 ప్రమాణంలోని 7-702 భాగం ఈతకొలను పరిసరాలను మూడు మండలాలుగా విభజించింది.

* సున్నా మండలం: కొలను లోపలి భాగం. ఇక్కడ 12 వోల్టుల ఏసీ లేదా 30 వోల్టుల డీసీ మించని అత్యల్ప వోల్టేజి పరికరాలే వాడాలి. నీటిలో మునిగి ఉండేందుకు తగిన ఐపీఎక్స్8 స్థాయి రక్షణ అవసరం.
* ఒకటవ మండలం: కొలను అంచు నుంచి 2 మీటర్ల వరకు, నేల నుంచి రెండున్నర మీటర్ల ఎత్తు వరకు. ఇక్కడ సాధారణ స్విచ్చులు, సాకెట్లు అమర్చరాదు.
* రెండవ మండలం: ఆపై మరో ఒకటిన్నర మీటర్లు. ఇక్కడి సాకెట్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వంటి రక్షణ ఉండాలి. ఆరుబయట ఉండే పరికరాలకు కనీసం ఐపీఎక్స్4, నీటి గొట్టంతో కడిగే చోట ఐపీఎక్స్5 స్థాయి కావాలి.

యజమానులు గుర్తుంచుకోవలసింది ఒకే అంకె. నీటి అంచు నుంచి మూడున్నర మీటర్ల ఆవల పంపుగది, స్విచ్‌బోర్డు, దీపాల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే సగం ముప్పు తప్పినట్లే. దీపాలకు 12 వోల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ సైతం ఈ హద్దుకు వెలుపలే ఉండాలి. అది రెండు వైండింగులు పూర్తిగా విడిగా ఉండే భద్రతా రకమై ఉండాలి. కొలను గట్టున ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి స్పీకర్లు, ఫ్యాన్లు, సెల్‌ఫోన్ ఛార్జర్లు తగిలించడం వేడుకల వేళ సర్వసాధారణమైంది. ఒక్క ఫ్యాను జారి నీటిలో పడితే జరిగే నష్టం ఊహకు అందదు.

తీగలు, పంపుగది ఇలా ఉండాలి

ఒక అశ్వశక్తి మోటారు అంటే 746 వాట్లు. ఒకటి, ఒకటిన్నర అశ్వశక్తి సింగిల్ ఫేజ్ పంపులకు సాధారణంగా రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడతారు. మోటారు 8 ఆంపియర్లు తీసుకుంటూ, పంపుగది బోర్డుకు 40 మీటర్ల దూరంలో ఉందనుకుంటే ఈ తీగలో దాదాపు 6 వోల్టులు తగ్గుతాయి. అది ఆమోదయోగ్యమే. దూరం అంతకు రెట్టింపైతే మందం పెంచాలి. మోటారు ప్రారంభ సమయంలో మామూలు కంటే ఐదారు రెట్లు విద్యుత్ తీసుకుంటుందన్న సంగతి మరువరాదు. సన్నని తీగ వేడెక్కితే దాని పూత పగిలి లీకేజీకి దారితీస్తుంది.

* తీగలో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ ఉండాలి. మధ్యలో జాయింట్లు లేని ఒకే పొడవు తీగ వాడాలి.
* కొలను అడుగు భాగం కింద నుంచి గానీ, గట్టు పలకల కింద నుంచి గానీ పంపు తీగను తీసుకువెళ్లరాదు.
* మోటారు కనిపించేంత దూరంలో, ఫేజ్‌ను, న్యూట్రల్‌ను రెంటినీ తెంచే డబుల్ పోల్ స్విచ్ ఉండాలి.
* మోటారును నేలపై కాక, ఎత్తయిన కాంక్రీటు దిమ్మెపై బిగించాలి. పంపుగదిలో నీరు నిలవకుండా కాలువ ఉండాలి. గది నేల మట్టానికి దిగువన ఉంటే ఈ జాగ్రత్త మరింత అవసరం.
* క్లోరిన్ డబ్బాలు, యాసిడ్ సీసాలు మోటారు ఉన్న గదిలో నిల్వ చేయరాదు. గదికి గాలి వెలుతురు ఉండాలి.
* పంపుగదికి తాళం ఉండాలి. తాళం చెవి, స్విచ్ ఆపే విధానం కాపలాదారుకు తెలిసి ఉండాలి.

కొలను ఖాళీ చేసేందుకు నీటిలో దించే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు నడుస్తున్నంత సేపు ఎవరూ నీటిలో దిగరాదు. అడుగున మిగిలిన బురద ఎత్తేందుకు పనివారు దిగేముందు ప్లగ్గు తీసివేయాలి. స్విచ్ ఆపితే చాలదు.

జనరేటర్ నడిచేటప్పుడు...

అపార్టుమెంట్లలో కరెంటు పోగానే జనరేటర్ అందుకుంటుంది. అప్పుడు కూడా ఆర్‌సీసీబీ పనిచేస్తుందా అన్నది సరిచూసుకోవాలి. సరఫరా మార్చే స్విచ్ తరువాత ఆర్‌సీసీబీ ఉంటేనే రెండు సరఫరాలకూ రక్షణ లభిస్తుంది. జనరేటర్ న్యూట్రల్‌ను ఎర్త్ చేయకుంటే లీకైన విద్యుత్ తిరిగి వెళ్లేందుకు దారి ఉండదు, ఆర్‌సీసీబీ గుర్తించలేకపోవచ్చు. కాబట్టి జనరేటర్ నడుస్తుండగా కూడా ఒకసారి పరీక్ష జరిపించాలి.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రత నిబంధనలను జారీ చేసింది. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. నిర్ణీత లోడు దాటిన కనెక్షన్లకు లీకేజీ రక్షణ పరికరం అమర్చాలని, అది తెగే స్థాయి గృహ కనెక్షన్లకు 30, ఇతర కనెక్షన్లకు 100 మిల్లీ ఆంపియర్లు మించరాదని ఈ నిబంధనలు పేర్కొంటున్నాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. క్లబ్బులు, హోటళ్లు, విడిది గృహాల కనెక్షన్లు గృహ కనెక్షన్ల కిందికి రావు. అటువంటి చోట మెయిన్ బోర్డులో 100 మిల్లీ ఆంపియర్ల పరికరం ఉన్నా నిబంధన పాటించినట్లే అవుతుంది, కొలనులోని మనిషికి మాత్రం రక్షణ దొరకదు. అందువల్ల మెయిన్ బోర్డులో ఏది ఉన్నప్పటికీ, కొలను సర్క్యూట్లకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల పరికరం పెట్టించుకోవడం యజమాని బాధ్యత.

వైరింగ్ పనిని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు పొందిన కాంట్రాక్టరే, అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేత చేయించాలి. పని పూర్తయ్యాక మెగ్గర్, ఎర్త్ నిరోధం, ఆర్‌సీసీబీ పరీక్షల ఫలితాలు రాతపూర్వకంగా తీసుకుని భద్రపరచాలి. అపార్టుమెంట్ల సంక్షేమ సంఘాలు ఈ పత్రాలను కార్యదర్శి వద్ద ఉంచి, కార్యవర్గం మారినప్పుడు కొత్తవారికి అప్పగించాలి. విద్యుత్ ప్రమాదం సంభవిస్తే విద్యుత్ చట్టం-2003లోని 161వ సెక్షన్ ప్రకారం విద్యుత్ తనిఖీ అధికారికి సమాచారం అందించవలసి ఉంటుంది.

నెలకోసారి పది నిమిషాలు

* ఆర్‌సీసీబీపై ఉన్న టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కాలి. వెంటనే తెగాలి. తెగకుంటే కొత్తది అమర్చే వరకు కొలనును మూసివేయాలి.
* టెస్ట్ బటన్ పరికరం పనితీరును మాత్రమే చెబుతుంది. ఎర్త్ సరిగా ఉందో లేదో చెప్పదు. దానికి ఏటా వేసవికి ముందు విడిగా పరీక్ష చేయించాలి.
* పంపు కింద నీటి చుక్కలు కనిపిస్తే సీలు మార్పించాలి.
* మోటారు వద్ద ఎర్త్ బోల్టు, నిచ్చెనల వద్ద బాండింగ్ క్లాంపులు వదులయ్యాయేమో చూడాలి.
* నీటి అడుగు దీపాల గాజు పగిలినా, లోపల తేమ కనిపించినా వెంటనే సరఫరా నిలిపివేయాలి.
* నీటిలో దిగినవారు జివ్వుమన్నదని ఒక్కసారి చెప్పినా తేలిగ్గా తీసుకోరాదు. పిల్లలు చెప్పినప్పుడు మరింత శ్రద్ధ వహించాలి.
* ఉరుములు, మెరుపుల సమయంలో కొలనును ఖాళీ చేయించాలి.

ప్రమాదం జరిగితే ఏం చేయాలి?

నీటిలో ఎవరైనా ఒక్కసారిగా బిగుసుకుపోయినా, ఇద్దరు ముగ్గురు ఒకేసారి కదలికలు కోల్పోయినా విద్యుదాఘాతంగానే అనుమానించాలి. ఆతృతతో నీటిలోకి దూకరాదు. అక్యాజిలో జరిగింది అదే.

ముందుగా మెయిన్ స్విచ్ ఆపాలి. పంపు స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు, లోపం దీపాల్లో ఉండవచ్చు. ఈలోగా మరొకరు 108కు ఫోన్ చేయాలి. మిగిలిన ఈతగాళ్లను లోహపు నిచ్చెనల జోలికి పోకుండా, విద్యుత్ వస్తున్నట్లు తోచిన వైపునకు దూరంగా జరిగి బయటకు రమ్మని చెప్పాలి. సరఫరా ఆగిందని రూఢి అయ్యే వరకు బాధితుణ్ణి చేతితో తాకరాదు. ఫైబర్ కర్ర, పొడి వెదురు గడ, రక్షణ చక్రం సాయంతో గట్టుకు లాగాలి. కొలను శుభ్రపరిచే అల్యూమినియం కర్రను ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు.

బయటకు తీసిన తరువాత శ్వాస లేకుంటే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కాలి. నీట మునిగిన వారికి కృత్రిమ శ్వాస కూడా అవసరం గనుక శిక్షణ ఉన్నవారు దాన్ని అందించాలి. వైద్య సిబ్బంది చేరే వరకు ఆపరాదు. కోలుకున్నట్లు కనిపించినా ఆసుపత్రికి తరలించాలి. విద్యుదాఘాతం వల్ల గుండె లయ కొంతసేపటి తరువాత కూడా తప్పే అవకాశం ఉంది. స్తంభం, సర్వీసు తీగల్లో లోపం ఉన్నట్లయితే విద్యుత్ పంపిణీ సంస్థ 1912 నంబరుకు తెలియజేయాలి.

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా పంపు శరీరం ప్లాస్టిక్‌తో చేసినది. ఎర్త్ అవసరమా?
జవాబు: అవసరమే. నీరున్న భాగం ప్లాస్టిక్‌ది అయినా మోటారు భాగం, ఇరుసు లోహంతో చేసినవే. మోటారుపై ఎర్త్ బోల్టు ఉంటే దానికి తీగ కలిపి తీరాలి.

ప్రశ్న: ఎవరూ లేనప్పుడే పంపు నడిపితే సరిపోదా?
జవాబు: ఇళ్లలో ఇది మంచి అలవాటే. అయితే ఆర్‌సీసీబీకి, ఎర్త్‌కు ఇది ప్రత్యామ్నాయం కాదు. టైమర్ పొరపాటున పనిచేసినా, ఎవరైనా స్విచ్ వేసినా రక్షణ ఉండదు.

ప్రశ్న: మేడపై పెట్టుకునే చిన్న రెడీమేడ్ కొలనుకూ ఈ నియమాలు వర్తిస్తాయా?
జవాబు: నీరు కొంచెమైనా, ఎక్కువైనా శరీరం తడిగానే ఉంటుంది. పిల్లలు వాడే కొలను అయితే జాగ్రత్త మరింత అవసరం. దాని ఫిల్టరు పంపును ఎక్స్‌టెన్షన్ తీగకు కాక, ఆర్‌సీసీబీ రక్షణ ఉన్న సాకెట్‌కే తగిలించాలి.

ప్రశ్న: పాత కొలనుకు బాండింగ్ లేదు. ఇప్పుడేం చేయాలి?
జవాబు: ఇనుప చువ్వలను చేరుకోలేకపోయినా నిచ్చెనలు, కడ్డీలు, పంపు, గొట్టాలను కలపవచ్చు. ఆర్‌సీసీబీ అమర్చి, దీపాలను 12 వోల్టులకు మార్చి, అర్హత గల ఇంజినీరు చేత పరీక్ష చేయించిన తరువాతే వాడాలి.

లక్షలు పోసి నిర్మించిన కొలనులో ప్రాణరక్షణ పరికరాలకు అయ్యే ఖర్చు కొద్ది వేల రూపాయలు మాత్రమే. అపార్టుమెంటు సంఘం సమావేశంలోనైనా, పాఠశాలలో పిల్లలను చేర్పించేటప్పుడైనా, విడిది గృహాన్ని అద్దెకు తీసుకునేటప్పుడైనా కొలనుకు ఆర్‌సీసీబీ ఉందా, దాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అని అడిగే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. సంతృప్తికరమైన జవాబు రాకుంటే పిల్లలను నీటిలోకి దించకపోవడమే శ్రేయస్కరం.